గడ్డ తలలోనే, లెక్క ఒళ్లంతటిదీ

గుంటూరు కొత్తపేటలో నేను జనరల్ ఫిజీషియన్‌ని. షుగర్లు, బీపీలు, జ్వరాలు చూస్తాను. మెదడు ఆపరేషన్లు చెయ్యను, రేడియేషన్ మెషిన్ జోలికి పోను. అయినా తలలో గడ్డ ఉందని తేలిన మనిషి ఫైలు ఏదో ఒక రోజు నా బల్ల మీదికి వస్తుంది. పైన న్యూరోసర్జన్ చేతిరాతలో రెండు ముక్కలుంటాయి: ‘ఫిట్‌నెస్ కోసం’. ఫైలు తెచ్చినవాళ్ల దృష్టిలో అదొక సంతకం పని. వాళ్లు ఎమ్మారై ఫిల్మ్ వెలుగుకి పట్టి చూపించబోతారు. నేను ఈసీజీ అడుగుతాను. గుండెకి స్టెంట్ వేశారా, మూడు నెలల షుగర్ ఎంతుంది, రాత్రి ఎన్నిసార్లు బాత్రూమ్‌కి లేస్తాడు అని అడుగుతాను. “జబ్బు తలలో కదా మేడమ్, ఇవన్నీ ఇప్పుడెందుకు?” అని వాళ్లలో ఎవరో ఒకరు విసుక్కుంటారు. భయంలో ఉన్న మనిషి విసుగు అది. తప్పు పట్టను. కానీ ఆ ప్రశ్నకి జవాబు పొడుగుది. ఓపీలో అంత సమయం దొరకదు గనక ఇక్కడ చెబుతున్నాను.

మెదడులోనే పుట్టే కేన్సర్లలో పెద్దవాళ్లకి ఎక్కువగా వచ్చేది, అన్నిటికన్నా మొండిది గ్లయోబ్లాస్టోమా. ఈనాటికీ నడుస్తున్న దాని వైద్యం 2005లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనతో స్థిరపడింది. 573 మందిని రెండు జట్లు చేశారు. ఆపరేషన్ తర్వాత ఒక జట్టుకి రేడియేషన్ మాత్రమే ఇచ్చారు. రెండో జట్టుకి రేడియేషన్‌తోపాటు టెమోజోలమైడ్ అనే మందు ఇచ్చారు. మొదటి జట్టులో సగం మంది 12.1 నెలలు దాటారు, రెండో జట్టులో సగం మంది 14.6 నెలలు దాటారు. రెండేళ్లు బతికినవాళ్లు మొదటి జట్టులో నూటికి పదిమందైతే, రెండో జట్టులో 26 మంది. ఈ అంకెలు ఎవరికైనా గుండె జారేలా చేస్తాయి. అయితే ఆ 14.6 నెలల గీతకి ఇవతల కొద్ది నెలల్లోనే పోయినవాళ్లున్నారు, అవతల అయిదేళ్లు దాటినవాళ్లూ ఉన్నారు. ఎవరు ఏ వైపు ఉంటారో తేల్చేది ఏమిటి?

కొంత తేల్చేది గడ్డ స్వభావమే. ఎంజీఎంటీ అనే జన్యువు మూతపడి ఉన్న గడ్డల మీద టెమోజోలమైడ్ బాగా పనిచేస్తుంది. ఐడీహెచ్ అనే జన్యువులో మార్పున్న గడ్డలు నెమ్మదిగా పెరుగుతాయి. 2021 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ వాటిని గ్లయోబ్లాస్టోమా లెక్కలోంచే తీసేసింది. వయసుకి కొంత పాత్ర ఉంది. గడ్డ ఎక్కడ కూర్చుంది, సర్జన్ ఎంత తీయగలిగాడు అన్నదానికీ ఉంది. వీటిలో ఏదీ రోగి చేతిలో లేదు, నా చేతిలో అసలే లేదు. ఇక మిగిలింది ఆ గడ్డని మోస్తున్న ఒళ్లు. అది మత్తు తట్టుకుంటుందా? ఆరు వారాలపాటు రేడియేషన్‌కి రోజూ వెళ్లి రాగలదా? మందు పడ్డాక రక్తకణాలు నిలుస్తాయా? ఈ భాగంలో అంతా కాకపోయినా కొంత మార్చగలం. ఆ కొంతని ఎవరూ పట్టించుకోకపోవడమే నేను ఎక్కువగా చూసే నష్టం.

సున్నా నుంచి నూరు దాకా

కేన్సర్ డాక్టర్ల కాగితాల్లో కేపీఎస్ అనే ఒక అంకె ఉంటుంది. న్యూయార్క్‌లో పనిచేసిన డేవిడ్ కర్నోఫ్‌స్కీ అనే వైద్యుడి పేరు మీద 1940ల చివర్లో వచ్చిన కొలత అది. రోగి రోజు ఎలా గడుస్తుందో చూసి పదుల లెక్కన మార్కు వేస్తారు. నూరంటే ఏ బాధా లేని మనిషి. 80 అంటే కాస్త కష్టపడైనా తన పనులన్నీ చేసుకుంటున్నాడు. 70 అంటే స్నానం, భోజనం, బట్టలు కట్టుకోవడం తన పాటికి తనే చేసుకుంటాడు గానీ ఉద్యోగానికో పొలానికో పోలేడు. 60 అంటే అప్పుడప్పుడు ఒకరి చెయ్యి కావాలి. 50 అంటే చాలా పనులకి మనిషి కావాలి, డాక్టరూ తరచుగా చూస్తుండాలి. అక్కణ్ణించి కిందికి మంచం.

వినడానికి ఇది మోటు కొలతే. స్కానూ లేదు, రక్తపరీక్షా లేదు. కానీ మెదడు కేన్సర్ రోగి ఎలా నెగ్గుకొస్తాడో ముందుగా చెప్పగలిగిన వాటిలో వయసు పక్కన నిలిచింది ఇదే. 70 దగ్గర పెద్ద గీత ఉంది. దానికి పైనుంటే పూర్తి వైద్యం మాట వస్తుంది. కిందుంటే తక్కువ రోజుల రేడియేషనో, మందు ఒక్కటే సరిపెట్టడమో, బాధ తగ్గించే వైద్యమో చర్చకి వస్తాయి. ఊపిరితిత్తుల నుంచో రొమ్ము నుంచో మెదడుకి పాకిన కేన్సర్లలో కూడా డాక్టర్లు ఈ గీతనే చూస్తారు. అలా పాకి వచ్చినవి మెదడులో పుట్టినవాటికన్నా ఎక్కువ.

అంకె 50 అని రాసి ఉన్నప్పుడు ఆ యాభైకి కారణం ఏమిటని నేను అడుగుతాను. ఒక రిటైర్డ్ పంతులమ్మగారిని స్ట్రెచర్ మీద తెచ్చారు. పిలిస్తే పలుకుతారు, మళ్లీ నిద్రలోకి జారిపోతారు. గడ్డ పెరిగిపోయిందని ఇంట్లో వాళ్లు అప్పటికే మనసు గట్టిచేసుకున్నారు. మందుల సంచి బల్ల మీద బోర్లించమన్నాను. ఏళ్ల తరబడి వేసుకుంటున్న బీపీ మాత్ర, పేరు చివర ‘హెచ్’ ఉన్న రకం. ఆ హెచ్ అంటే ఒంట్లో నీటితోపాటు ఉప్పునీ బయటికి పంపే మందు. దానికితోడు ఆవిడ అన్నం సరిగా తినడం లేదు. సోడియం 118 వచ్చింది, 135కి పైన ఉండాల్సింది. దాన్ని మెల్లగా సరిచేశాం, తొందరపడితే మెదడుకే ప్రమాదం. ఆ వారంలోనే ఆవిడ లేచి కూర్చుని కోడలిని కాఫీ అడిగారు. గడ్డ ఉన్నచోటే ఉంది. ఆవిడ యాభైలో కొంత మాత్రం గడ్డది కాదు.

ఇలాంటి తీర్చదగ్గ కారణాలు చాలా ఉన్నాయి. గడ్డ చుట్టూ వాపు, మెదడు గదుల్లో నీరు చేరడం, పైకి కనపడని ఫిట్స్, మూత్రంలో ఇన్ఫెక్షన్, అదుపు తప్పిన షుగర్, మత్తు తెచ్చే మందులు. ఇవి తీర్చాక మళ్లీ మార్కు వేస్తే ఒక్కోసారి మనిషి గీత దాటుతాడు. గడ్డ సరిగ్గా కాలుచేతులు నడిపే చోటే కూర్చుంటే దాటకపోవచ్చు. ఏది ఏదో తెలుసుకోకుండా మాత్రం ‘ఇక ఏమీ లేదు’ అని ఇంటికి తీసుకుపోకూడదు.

కాపాడే మాత్రే షుగర్ పెంచుతుంది

మెదడు గడ్డ వాపుని డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ దించుతుందని 1961లో అమెరికాలోని మిన్నెసోటా వైద్యులు చూపించారు. తలనొప్పితో వాంతులు చేసుకుంటున్న మనిషి ఒకటి రెండు రోజుల్లోనే తేరుకుంటాడు. ఇంట్లో వాళ్లకి అది అద్భుతంలా ఉంటుంది. అందుకే ఈ మాత్ర మానడానికి జనం ఒప్పుకోరు. కొన్నిసార్లు మానమని చెప్పేవాళ్లూ ఉండరు. అవసరం తీరాక కూడా చీటీ మీద అలా సాగుతూనే ఉంటుంది.

షుగర్ ఉన్నవాళ్లకి ఇది ఎక్కువ చేటు. మన దేశంలో పెద్దవాళ్లలో నూటికి 11 మందికి పైగా షుగర్ ఉందని ఐసీఎంఆర్ జరిపించిన సర్వేలో తేలింది, 2023లో ఆ లెక్క వెలువడింది. ఉన్నా తెలియనివాళ్లు ఎందరో. డెక్సామెథసోన్ పొద్దున వేసుకుంటే షుగర్ మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా పైకి పోతుంది, తెల్లారేసరికి చాలావరకు దిగుతుంది. మనవాళ్లు కొలిచేదేమో పరగడుపున. మిర్చి యార్డులో గుమస్తాగా చేసిన ఒకాయన నెల పొడుగునా నోట్‌బుక్‌లో పరగడుపు లెక్కలు పొందిగ్గా రాసుకొచ్చాడు, అన్నీ 120, 130. సాయంత్రం నాలుగింటికి నా ముందే వేలు గుచ్చితే 380. ఆ నెలంతా ఆయన నీరసం, గొంతు ఎండిపోవడం, చూపు మసకబారడం అన్నీ గడ్డ ఖాతాలోనే జమ అయ్యాయి. స్టెరాయిడ్ మీద ఉన్న ప్రతి రోగికీ మధ్యాహ్నం భోజనం తర్వాత, రాత్రి భోజనానికి ముందు కూడా షుగర్ చూడాలి.

షుగర్ పెరిగితే కుట్లు మానడం ఆలస్యమవుతుంది, ఇన్ఫెక్షన్లు ముసురుకుంటాయి. అంతటితో ఆగకపోవచ్చు కూడా. 2009లో అమెరికా వైద్యులు ప్రచురించిన ఒక పరిశీలనలో 191 మంది గ్లయోబ్లాస్టోమా రోగుల రక్తంలో చక్కెరని వైద్యం పొడుగునా గమనించారు. ఎక్కువ షుగర్‌తో గడిపినవాళ్లు తక్కువ కాలం బతికారు. వాళ్ల వయసూ, కేపీఎస్సూ, స్టెరాయిడ్ మోతాదూ లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా మిగిలింది. షుగర్ తగ్గిస్తే ఆయుష్షు పెరుగుతుందని దీనితో రుజువైపోలేదు. అదుపులో పెట్టడానికి మాత్రం రుజువు కోసం ఆగక్కర్లేదు, మిగతా కారణాలే చాలు.

అలాగని భయపడి ఎవరూ ఈ మాత్రని తమంతట తాము ఆపకూడదు. కొన్ని వారాలు వేసుకున్నాక ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ మూలపడుతుంది. ఉన్నట్టుండి మానేస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు, వాపు తిరగబెట్టవచ్చు. మెట్టు మెట్టుగా డాక్టరే దించాలి. డాక్టర్‌కి చూపించుకున్న ప్రతిసారీ “ఈ మాత్ర ఇంకా తగ్గించవచ్చాండీ?” అని అడగడం మాత్రం రోగి హక్కు. రెండో మోతాదు సాయంత్రం కాకుండా మధ్యాహ్నానికి జరపవచ్చేమో కూడా అడగండి. రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడానికి, ఒంటిగంటకి లేచి ఇల్లంతా తిరగడానికి అదే కారణం కావచ్చు. ఇంకొకటి: స్టెరాయిడ్ వేసుకునే మనిషికి మోకాళ్ల నొప్పులని మెడికల్ షాపు నుంచి నొప్పి మాత్రలు తెచ్చి పెట్టొద్దు. రెండూ కలిస్తే కడుపులో పుండు పడి రక్తం పోవచ్చు.

పప్పు తింటే చీము పడుతుందా?

స్టెరాయిడ్ తీసుకునే మనిషి ముఖం గుండ్రంగా నిండుతుంది, ఆకలి రెట్టింపవుతుంది. చూడవచ్చిన చుట్టాలు ఒళ్లు చేశాడని, కోలుకున్నాడని సంతోషపడతారు. అదే సమయంలో తొడల కండ కరిగిపోతూ ఉంటుంది. ఇంట్లోనే తెలుసుకోవచ్చు: చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేవగలుగుతున్నాడా? పక్కన ఒక మనిషిని నిలబెట్టుకుని చూడండి. రెండు కాళ్లూ సమానంగా బలహీనపడి, మెట్లెక్కడం, కింద కూర్చుని లేవడం కష్టమైతే అది చాలాసార్లు మందు వల్ల వచ్చిన కండ బలహీనతే. ఒకవైపు చెయ్యి, కాలు పడిపోతుంటే మెదడు సంగతి అనుకోవాలి, వెంటనే చూపించాలి.

కండ ఎంత మిగిలిందన్నది చిన్న విషయం కాదు. కణత దగ్గర, పళ్లు బిగిస్తే ఉబ్బే కండరం ఉంది కదా. తల ఎమ్మారైలో అది ఎలాగూ పడుతుంది. దాని మందం కొలిచి, అది పలచబడ్డ రోగులు తొందరగా కుంగిపోతున్నారని కొన్ని పరిశోధనలు చెప్పాయి. గడ్డ కోసం తీసిన ఫిల్మ్‌లోనే ఒంటి బలం గురించి కూడా ఒక సూచన ఉందన్నమాట.

ఇక్కడే మన పథ్యంతో నాకు పేచీ. ఆపరేషన్ అయిందంటే పప్పు పెట్టరు, చీము పడుతుందంటారు. గుడ్డు వేడి, పెరుగు జలుబు. మిగిలేది చారన్నం, బీరకాయ. కుట్లు మానడానికీ, కండ నిలవడానికీ కావాల్సింది మాంసకృత్తులు. పప్పుకీ చీముకీ ఏ సంబంధమూ లేదు. పప్పు, గుడ్డు, పెరుగు, చేప, సెనగలు, ఏది ఇంట్లో అలవాటైతే అది పూటపూటకీ ఉండాలి. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం తమ డాక్టర్ని అడిగి కొలత పెట్టుకోవాలి. ఇప్పుడు దీనికి ఎదురు పిచ్చి ఒకటి వాట్సాప్‌లో వస్తోంది: అన్నం, చక్కెర పూర్తిగా మానేస్తే గడ్డ ఆకలితో మాడిపోతుందని. దాన్ని నమ్మి మనిషి మాడిపోవడం చూశాను. అలాంటి ఆహారంతో గ్లయోబ్లాస్టోమా రోగులు ఎక్కువ కాలం బతుకుతారని రుజువు కాలేదు. షుగర్ మందులు, స్టెరాయిడ్ నడుస్తుండగా సొంతంగా ఆ పని చేస్తే ప్రమాదం కూడా.

కాలి వాపు, చిన్న జ్వరం

ఈ గడ్డలున్నవాళ్ల రక్తం తేలిగ్గా గడ్డకడుతుంది. జబ్బు నడిచే కాలంలో నూటికి 20 నుంచి 30 మందికి కాలి సిరల్లోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డకట్టే అవకాశం ఉంది. ఒక కాలు పిక్క దగ్గర వాచి నొప్పెడితే నూనె రాసి మర్దన చెయ్యకండి. ఆయాసం, ఛాతీనొప్పి వస్తే ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. తలకి ఆపరేషన్ అయినవాళ్లకి రక్తం పలచబరిచే మందు ఇవ్వకూడదని చాలామంది అనుకుంటారు. చాలామందికి జాగ్రత్తగా ఇవ్వవచ్చు, ఇస్తాం. గుండెకి స్టెంట్ ఉన్నవాళ్లది దీనికి తిరగేసిన సమస్య. తల ఆపరేషన్ ముందు ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ ఎన్ని రోజుల ముందు ఆపాలి, అసలు ఆపవచ్చా అన్నది గుండె డాక్టరూ సర్జనూ మాట్లాడుకుని తేల్చాల్సిన విషయం. బీపీ కూడా అంతే. గడ్డ తిరగబెట్టినప్పుడు వాడే బెవాసిజుమాబ్ ఇంజెక్షన్ బీపీని పెంచుతుంది, ముందునుంచే అదుపులో లేనివాళ్లకి ఆ దారి ఇరుకవుతుంది.

రేడియేషన్, టెమోజోలమైడ్, స్టెరాయిడ్ మూడూ కలిసి రోగనిరోధక కణాలని బాగా తగ్గిస్తాయి. మామూలు మనుషుల్ని ఏమీ చెయ్యని ఒక బూజు జాతి సూక్ష్మజీవి వీళ్లకి న్యుమోనియా తెస్తుంది. దాన్ని అడ్డుకోవడానికే డాక్టర్లు సెప్ట్రాన్ లాంటి మాత్ర రాస్తారు. ‘ఇన్ని మాత్రలెందుకు’ అని ఇంట్లో వాళ్లు ముందుగా మానిపించేది దాన్నే. హెపటైటిస్ బి వైరస్ లివర్‌లో నిద్రపోతూ ఉంటే టెమోజోలమైడ్ దాన్ని లేపవచ్చు. అందుకే మొదలుపెట్టే ముందు ఆ రక్తపరీక్ష చెయ్యాలి. జ్వరం వస్తే పారాసెటమాల్ వేసి రెండు రోజులు చూద్దాం అనడం వీళ్ల విషయంలో పనికిరాదు. అదే రోజు రక్తకణాల లెక్క చూడాలి.

మనిషి స్వభావం మారిందని భార్యలు నాతో చాటుగా చెబుతుంటారు. “ఎప్పుడూ ఒక మాట అనని మనిషండీ, ఇప్పుడు కంచం విసిరేస్తున్నాడు.” గడ్డ వల్ల కావచ్చు, స్టెరాయిడ్ వల్ల కావచ్చు, ఫిట్స్‌కి వాడే లెవెటిరాసెటమ్ వల్ల కూడా కావచ్చు. మందు మార్చితే తగ్గే కోపం అది అయితే, ఆ కుటుంబానికి మిగిలిన రోజులే మారిపోతాయి. దిగులు కూడా మందులకీ మాటలకీ లొంగే జబ్బే. ‘ఇంత జబ్బుకి దిగులు సహజం’ అని వదిలేస్తే మనిషి తినడం, లేవడం మానేస్తాడు. కేపీఎస్ అంకె ఆ దారిలోనూ దిగుతుంది.

అరవై అయిదు దాటితే

‘ఈ వయసులో ఇక కష్టపెట్టడం ఎందుకు’ అనే మాట కొడుకులు ప్రేమతోనే అంటారు. అయితే పెద్దవయసువాళ్ల మీద విడిగా పరిశోధనలు జరిగాయి. 65 దాటిన 562 మందితో చేసి 2017లో ప్రచురించిన దాంట్లో ఆరు వారాల రేడియేషన్ బదులు మూడు వారాలే, 15 విడతలు, ఇచ్చారు. దానికి టెమోజోలమైడ్ కలిపినవాళ్లలో సగం మంది 9.3 నెలలు దాటారు, కలపనివాళ్లలో సగం మంది 7.6 నెలలు దాటారు. బాగా నీరసించినవాళ్లకి అయిదే విడతల్లో ముగించే పద్ధతినీ పరీక్షించారు, అదీ ఫలితంలో వెనకబడలేదు. కాబట్టి ‘అంతా చేయించడం’, ‘ఏమీ చేయించకపోవడం’ అనే రెండు కొసల మధ్య మెట్లున్నాయి. ఏ మెట్టో తేల్చేది పుట్టినరోజు ఒక్కటే కాదు. డెబ్బై రెండేళ్ల వయసులో పొద్దున్నే చేను చుట్టి వచ్చే మనిషి ఉన్నాడు. గుండె, కిడ్నీలు, షుగర్ మూడూ చెడి యాభై అయిదుకే ఆయాసపడేవాడు ఉన్నాడు.

నడక గురించి ఒక మాట. 2011లో అమెరికాలో 243 మంది, గడ్డ తిరగబెట్టిన రోగులు, తమ వ్యాయామం లెక్క చెప్పారు. వారంలో అయిదు రోజులు అరగంట చురుగ్గా నడిచేంత శ్రమ చేసేవాళ్లలో సగం మంది దాదాపు 22 నెలలు దాటారు. అంతకన్నా తక్కువ చేసేవాళ్లలో అది 13 నెలలు. నడిచారు గనక బతికారా, బాగున్నారు గనక నడవగలిగారా అన్నది దీన్నిబట్టి చెప్పలేం. రెండోది కొంత నిజమై ఉంటుంది. అయినా ఫిట్స్ అదుపులో ఉండి, పక్కన ఒక తోడుంటే ఇంటి ముందు రోజూ నడిపించమనే చెబుతాను. పడుకోబెడితే కండ పోతుందనీ, రక్తం గడ్డకడుతుందనీ, అన్నం సహించదనీ మాకు తెలుసు.

ఫైలు పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు స్కాన్లతోపాటు ఒక తెల్లకాగితం కూడా తీసుకెళ్లండి. వేసుకునే ప్రతి మందు పేరు అందులో రాయండి, పాత బీపీ మాత్ర, ఆకు పసరు కూడా. రెండు మూడు రోజుల షుగర్ లెక్కలు, పరగడుపుతోపాటు సాయంత్రానివీ రాయండి. నెల కిందటి బరువు, ఇప్పటి బరువు. చివరి ఫిట్ ఎప్పుడొచ్చింది. సొంతంగా ఏ పనులు చేసుకోగలుగుతున్నాడు, గత నెలలో ఏవి మానేశాడు.

ఇవన్నీ చేసినా గడ్డ కరగదు. గ్లయోబ్లాస్టోమా చాలాసార్లు తిరగబెడుతుంది. బాగా చూసుకున్న ఇంట్లోనూ మనిషి పోతాడు, ఆ ఇంటివాళ్లు తమని తాము నిందించుకోనక్కర్లేదు. ఒంటిని సరిచేస్తే దక్కేది ఇంకో రకమైన లాభం: మొదలుపెట్టిన వైద్యం మధ్యలో ఆగదు, ఆసుపత్రిలో గడవాల్సిన కొన్ని వారాలు ఇంట్లో గడుస్తాయి. కాబట్టి గడ్డ ఎన్ని సెంటీమీటర్లుందో తెలుసుకున్నాక డాక్టర్‌ని ఇంకొక ప్రశ్న అడగండి: “ఈయన కేపీఎస్ ఎంతండీ, అది తగ్గడానికి ఉన్న కారణాల్లో మనం తీర్చగలిగినవి ఏవి?”